డ్రిల్ పెట్టే ముందు గాజును మీరే పరీక్షించుకోండి: అమ్మినవారి మాట నమ్మి అక్వేరియం పోగొట్టుకున్నాను

వెనుక అద్దానికి రంధ్రం వేసి ఓవర్‌ఫ్లో (పైకి వచ్చిన నీరు పొర్లి బయటికి పోయే దారి) పెట్టి, నీటిని సంప్‌లోకి, అంటే అక్వేరియం కింద ఉంచే వడపోత తొట్టెలోకి, దింపాలన్న ఉద్దేశంతోనే కొన్న నా అక్వేరియం వెనుక అద్దం నిన్న సాయంత్రం నా చేతి కిందే పలుకులు పలుకులుగా రాలిపోయింది. కొనేటప్పుడే రంధ్రం వేసే సంగతి చెప్పి, వెనుక అద్దం రంధ్రం వేస్తే నిలవని టెంపర్డ్ గ్లాసా (కాచి, చల్లార్చి గట్టిపరిచిన గాజు), మామూలు గాజా అని అమ్మినవారిని రెండుసార్లు అడిగాను. "అడుగు అద్దం ఒక్కటే టెంపర్డ్ అండీ, వెనుక ఎక్కడైనా నిశ్చింతగా వేసుకోండి" అన్నారు.

పనిలో నేను తొందరపడలేదు. తొట్టెను మందపాటి దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, అంచుకు తగినంత దూరంలో గుర్తు పెట్టి, చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి నీళ్లు నింపి, 45 మిల్లీమీటర్ల డైమండ్ హోల్ సాను (డ్రిల్‌కు బిగించి గుండ్రటి రంధ్రం కోసే, అంచున వజ్రపు పొడి ఉన్న రంపాన్ని) నెమ్మదిగా, నొక్కకుండా తిప్పాను. గట్టులోని నీరు గాజు పొడితో పాలలా మారడం మొదలైంది, అంతలోనే ఫట్‌మని ఒకే ఒక్క శబ్దం వచ్చింది. పగులు పాకడమంటూ ఏమీ లేదు. అద్దమంతా ఒక్కసారిగా కలకండ పలుకులై లోపలికి కురిసి, కింద ఉన్న ముందు అద్దాన్ని కూడా గీతలమయం చేసింది. మామూలు గాజు అలా పగలదు, పొడవాటి పెచ్చులుగా చీలుతుంది. టెంపర్డ్ గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాచి హఠాత్తుగా చల్లారుస్తారు కాబట్టి దాని పైపొరలు బిగుసుకుని, లోపలి భాగం లాగిపట్టినట్టు ఉంటుంది. ఆ పైపొరను డ్రిల్ తొలిచిందంటే, ఎంత జాగ్రత్తగా తిప్పినా, ఎన్ని నీళ్లు పోసినా అద్దం నిలవదు.

అమ్మినవారికి ఫొటోలు పంపి ఫోన్ చేస్తే, మీరే గట్టిగా నొక్కి ఉంటారన్నారు. ముక్కల ఆకారం చూడమని, ఆ రోజు తామన్న మాట గుర్తు చేసుకోమని అడిగితే, "మేమేమైనా రాసిచ్చామా? డ్రిల్ పట్టుకోవడం రానివాళ్లు ఇలాంటి పనులు పెట్టుకోకూడదు" అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. అద్దం పోయిన బాధ కన్నా ఆ మాట నన్ను ఎక్కువగా కోస్తోంది, ఎందుకంటే నేను అడగవలసినదంతా అడిగాను, చెప్పవలసినవారే అబద్ధం చెప్పారు.

నా తప్పూ ఉంది. ల్యాప్‌టాప్ తెరను తెల్లగా పెట్టి అద్దం వెనుక ఉంచి, ఇవతలి నుంచి పోలరైజ్డ్ కళ్లద్దాలను అటూ ఇటూ తిప్పుతూ చూస్తే టెంపర్డ్ గాజులో నల్లటి మచ్చలో చారలో కనిపిస్తాయి. ఆ రెండు వస్తువులూ అదే గదిలో ఉండి కూడా ఆ ఐదు నిమిషాల పని చేయలేదు.

కొనేవారు ఏ అద్దం ఏ రకమో విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి. ఇప్పటికే టెంపర్డ్ తొట్టె కొనేసి ఉంటే, రంధ్రం జోలికి పోకుండా అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో పెట్టెతో సరిపెట్టుకోండి.