వెదురు స్టీమర్ సెట్: కొనొచ్చు, కానీ పెట్టె మీద రాసింది నమ్మి కాదు

ఆన్‌లైన్‌లో తెప్పించిన వెదురు స్టీమర్ సెట్ ఎలా ఉందని మా కజిన్స్ గ్రూపులో అడుగుతూనే ఉన్నారు, ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే కంటే ఇక్కడ రాసేస్తే పోతుంది. మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడో తరగతి. మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు, పిల్లలకి ఆవిడే మామ్మ. ఈ రివ్యూలో స్టీమర్ కంటే ఆవిడ గురించే ఎక్కువ ఉంటుందేమో, ముందే చెప్తున్నాను.

పెట్టెలో పది అంగుళాల వెదురు బుట్టలు రెండు, పైన అల్లిన మూత, పిడుల్లేని సన్నటి పొట్టి అప్పడాల కర్ర, పలుచని నూలు గుడ్డ, చిన్న వంటల పుస్తకం ఉన్నాయి. ధర పదిహేను వందల లోపే. పెట్టె మీద మాత్రం పిల్లల్లో పట్టుదల, ఏకాగ్రత పెంచే సంప్రదాయ చైనా వంట అని పెద్ద పెద్ద అక్షరాలు. అది చదివి మా ఆయన నవ్వారు. పట్టుదల కూడా కొరియర్‌లో వస్తోందా అని.

మా పిల్లలకి చైనీస్ అంటే సాయంత్రం బండి దగ్గర నూడుల్స్, గోబీ మంచూరియా. ఆ మంచూరియా పుట్టింది మన దేశంలోనే. ఈ పుస్తకంలో ఉన్నది వేరే తిండి. జియావ్‌జి అని, చూడ్డానికి మన దగ్గర దొరికే మోమోలాగే ఉంటుంది. ఉత్తర చైనాలో గోధుమ పంట ఎక్కువ కాబట్టి అక్కడి వాళ్ళకి ఇది ఇంటి తిండి. వాళ్ళ కొత్త సంవత్సరం ముందు రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి, ఒకరు పిండి ఒత్తుతూ, మిగతావాళ్ళు కూరి మడుస్తూ చేసుకుంటారు. పాతకాలపు వెండి, బంగారు కడ్డీల ఆకారంలో ఉంటుందని కలిసొస్తుందనుకుంటారు. ఒకదాంట్లో నాణెం దాస్తారు, అది ఎవరి పళ్ళెంలోకి వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్ళది. ఈ కాలంలో పన్ను విరుగుతుందని కొందరు పల్లీయో ఖర్జూరమో పెడుతున్నారు. మేము జీడిపప్పు పెట్టాం. మా వాడు ప్రతిదాన్నీ గిల్లి చూడ్డం వేరే విషయం.

పుస్తకంలో ఒక కథ కూడా ఉంది, అది మాత్రం బాగుంది. హాన్ రాజుల కాలం చివర్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఉండేవాడట, చలికి చెవులు పుండ్లు పడ్డ పేదవాళ్ళకి మేక మాంసం, మూలికలు పిండిలో చుట్టి చెవి ఆకారంలో చేసి పెట్టాడట. ఇప్పటికీ చలికాలంలో పగలు బాగా చిన్నదయ్యే రోజున ఇవి తినకపోతే చెవులు గడ్డకట్టుకుపోతాయని అక్కడ అంటారట. సంక్రాంతికి కూడా మధ్యాహ్నం ఫ్యాన్ తిరగాల్సిన ఊరు మాది, అయినా పిల్లలు చెవులు పట్టుకుని వెంటనే చేద్దామన్నారు.

ఇక అసలు సంగతి, చేయడం. లోపల కూరేది మా దగ్గర కష్టం కాదు, రొయ్యలకి కరువేముంది. క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు వేసి కాసేపు ఉంచి, నీళ్ళు గట్టిగా పిండేయాలి. తరిగిన రొయ్యలు, అల్లం, ఉల్లికాడలు, కాస్త సోయా సాస్ వేసి ఒకే వైపుకి తిప్పుతూ కలపాలి, జిగురొచ్చేదాకా. ఇక్కడే పిల్లలకి చేతులు నొప్పి పుట్టి, ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు అని మొదలవుతుంది.

పిండి దగ్గర పుస్తకం మీద నాకు కోపమొచ్చింది. నీళ్ళలో ఉడికించే వాటికీ, ఆవిరి మీద పెట్టే వాటికీ ఒకే పిండి రాశారు, మైదా, చన్నీళ్ళు. నీళ్ళలో ఉడికించడానికి అది సరిపోతుంది, బాగుంటుంది కూడా. ఆవిరికి అదే వాడితే పైన పొర సాగి సాగి రబ్బరులా వస్తుంది. ఆవిరికి వేడినీళ్ళు పోసి కలిపిన పిండి కావాలి, అప్పుడే మెత్తగా ఉంటుంది. స్టీమర్ అమ్ముతూ ఆ ముక్క రాయకపోతే ఎలా? రెండు రకాల పిండీ కనీసం అరగంట తడిగుడ్డ కింద నానాలి. బావ్‌జి అనే పులియబెట్టిన బన్నులకి కూడా ఇచ్చిన టైము చలిదేశం టైమే, మన ఎండాకాలంలో గిన్నె మూత లేచిపోతుంది, కాబట్టి గడియారం కాదు పిండినే చూడండి.

కర్ర మాత్రం సూపర్. ఒక చేత్తో పిండి తిప్పుతూ ఇంకో చేత్తో అంచులు మాత్రమే ఒత్తడానికి వీలుగా సన్నగా చేశారు. మధ్యలో మందంగా, అంచులు పలచగా ఉండాలి, లేకపోతే మడతపెట్టిన చోట పిండి ముద్దవుతుంది, అడుగున చిరుగుతుంది. చిన్న చేతులకి మన చపాతీ కర్ర కంటే ఇదే తేలిక.

మా అమ్మాయి క్లాసులో ఎప్పుడూ ముందే ఉంటుంది. అదే అందరికంటే ముందు చేతులు దులుపుకుని లేచిపోయింది. తనది చిరిగిపోతుంటే తమ్ముడిది కూడా చిరుగుతోందని చూపించి, ఈ పిండే బాలేదు అంది. మార్కులకి అలవాటుపడ్డ పిల్లలకి చేతిలో పని కుదరకపోతే ఎంత టెన్షనో అప్పుడు అర్థమైంది నాకు. ఆ స్కూళ్ళు కూడా అలాగే ఉన్నాయి లెండి, తప్పు చేసి మళ్ళీ చేసే టైము ఎక్కడ ఇస్తున్నారు. మూడో తరగతి వాడికి ఆ బాధ లేదు. వాడివి వంకరగా, నోళ్ళు తెరుచుకుని ఉన్నా వరసగా పేర్చుకుంటూ పోయాడు.

మా అత్తగారు అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "ఏంటే ఇది, కజ్జికాయే కదా" అని వచ్చి పీట ముందు కూర్చున్నారు. ఆవిడ కజ్జికాయల చెక్క ముట్టుకోరు, అంచు చేత్తోనే మెలితిప్పుతారు, సంక్రాంతికి మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు పిలుస్తారు ఆవిడని. కొబ్బరి లౌజు బదులు రొయ్యలు అన్నదే తేడా ఆవిడకి. ఒకటి మడిచి చూపించారు, రెండోది కూడా చూపించలేదు. పిల్లలు చేసినవాటిని సరిచేయలేదు కూడా. నేను చెయ్యి పెట్టబోతే "ఉండమ్మా, వాళ్ళది వాళ్ళే తింటారు" అన్నారు. వాడి వంకరవన్నీ కూడా మంచివాటి పక్కనే బుట్టలోకి వెళ్ళాయి, కొన్ని విచ్చుకుని రొయ్యలన్నీ బయటికొచ్చాయి, వాటినీ వాడి పళ్ళెంలోనే వేశారు. బుంగమూతి పెట్టుకుని తిన్నాడు. అమ్మాయి దూరం నుంచి చూసి చూసి మామ్మ పక్కకి చేరి, "మామ్మా, నీ బొటనవేలు ఎక్కడ పెడుతున్నావ్?" అని అడిగింది. అక్కడి నుంచి దానిది మొదలైంది. తర్వాత ఆదివారాలు అది పని కట్టుకుని మడతలు నేర్చుకుంది, ఇప్పుడు నాకంటే బాగా వేస్తుంది.

లెక్కల్లో కూడా ఇలాగే కూర్చుంటోందా అని అడిగారు మా ఆడపడుచు. లేదండి, లెక్కలు లెక్కలే. ఆ పెట్టె మీద రాసింది నమ్మి ఎవరూ కొనకండి. పిల్లలు వదిలేసి వెళ్ళినప్పుడు వెనకాల పరిగెత్తకుండా తన పని తను చేసుకునే పెద్దమనిషి పీట దగ్గర ఉంటే పిల్లలు తిరిగొస్తారు, ఆ మనిషి మాత్రం సెట్‌లో రారు.

స్టీమర్ పనితనానికి వస్తే, ఉక్కు ఇడ్లీ పాత్రకీ దీనికీ తేడా ఉంది. వెదురు మూత ఆవిరిని పీల్చుకుంటుంది కాబట్టి నీటిచుక్కలు కింద పడవు, పైన పొర జావ అవదు. మా బూరెల మూకుడులో సరిగ్గా కూర్చుంది. బుట్ట అడుగు అంచు నీళ్ళని కాస్త తాకేలా పోయండి, నీళ్ళు తగ్గిపోతే అంచు మాడుతుంది. రొయ్యలవైతే పది, పన్నెండు నిమిషాలు చాలు. అడుగున వేయడానికి వాళ్ళిచ్చిన గుడ్డ దండగ, అంటుకుపోతోంది. అరటాకు సెగ మీద చూపించి పరిస్తే చక్కగా ఊడొస్తాయి. మా అత్తగారు పనసాకులు కూడా పరిచారు, పనసాకు బుట్టల్లో ఉడికించే మా పొట్టిక్కల వాసన పట్టి ఇంకా బాగున్నాయి. దక్షిణ చైనాలో కూడా వెదురాకుల్లో బంక బియ్యం చుట్టి ఉడికిస్తారు, జోంగ్‌జి అని, అది ఆవిడకి చెప్పాక ఆ దేశం మీద గౌరవం పెరిగింది.

పెద్ద లోపం బూజు. కాలవగట్టు ఊళ్ళలో వానాకాలం తేమ మీకు తెలిసిందే. సబ్బు పెట్టకూడదు, వెదురుకి ఆ వాసన పట్టేస్తుంది, వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టాలి. ఎండ లేని వారం మాకు మూత లోపల నల్ల చుక్కలు వచ్చాయి. రుద్ది, ఖాళీగా ఆవిరి పట్టించి, పొయ్యి పక్కన వేలాడదీస్తే ఆగింది. ఈ విషయం పెట్టె మీద ఒక్క ముక్క లేదు. కస్టమర్ కేర్‌కి రాస్తే పొడి ప్రదేశంలో ఉంచండి అని జవాబు. గోదావరి జిల్లాలో శ్రావణంలో పొడి ప్రదేశం ఎక్కడుందో వాళ్ళే చెప్పాలి.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. బుట్టలకి, కర్రకి నాలుగున్నర ఇస్తాను, పుస్తకం కిందికి లాగేసింది. ఇంట్లో నలుగురైదుగురు ఉంటే పది అంగుళాలే తీసుకోండి, ఎనిమిదివి చాలవు, పిల్లలు బుట్ట ఖాళీ అయ్యేలోపు రెండో వాయి అడుగుతారు. పిల్లలు బిజీగా ఉంటే కాసేపు నాకు తీరిక అనుకుని కొనేవాళ్ళు వద్దు, వంటిల్లంతా మైదా అవుతుంది, తుడిచేది మీరే. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే మా అత్తగారి సలహా వినండి: గిన్నె మూతికి గుడ్డతో వాసెన కట్టి పైన అరటాకు వేసి ఉడికించండి, ఆవిరి కుడుములు చేసే ఇల్లే కదా. కర్ర ఒక్కటి విడిగా దొరికితే కొనుక్కోండి, అది మాత్రం వదలొద్దు.