కైకలూరు నుంచి కాకినాడ దాకా: చేపల కోసం మూడు రోజులు

సంక్రాంతి రోజుల్లో భీమవరంలో గది దొరకాలంటే ముందే ఎవరో ఒకరు తెలిసి ఉండాలి. కోడిపందేల జనం వెళ్లిపోయాక, పండగైన వారానికి బయల్దేరాం నేనూ మా బావా. బావ ఏడేళ్లు రొయ్యల చెరువు చేసి, రెండుసార్లు దెబ్బ తిని మానేసినవాడు. అందుకే తీసుకెళ్లాను. రైలు గుడివాడ దాటాక ఆయన ఒక్కటే మాట చెప్పాడు: "చెరువులోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో అందరూ చూపిస్తారు. బయటికి ఎక్కడికి పోతున్నాయో అడుగు."

గుడివాడ-భీమవరం లైనులో పగటిపూట వెళ్లండి. మండవల్లి, కైకలూరు, ఆకివీడు దాకా కిటికీలోంచి కనిపించేదంతా నీళ్లూ గట్లే.

కైకలూరులో దిగి ఆటోలో, కొల్లేటి పక్షుల్ని చూపించే ఆటపాక వెళ్లాం. పొద్దున ఏడింటికల్లా ఉంటే మంచిది. ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు బోటు దగ్గరికొచ్చినా కదలవు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది చాలు, డబ్బులకు న్యాయం జరిగినట్టే. కొల్లేరు సంగతి తెలుసుకోవాలంటే మాత్రం ఇక్కడ ఆగిపోకూడదు. ఈ పక్షులు మేతకు వెళ్లేది చుట్టూ ఉన్న చేపల చెరువులకే. పక్షిని కాపాడాలని ఒకరు, చేపపిల్లను కాపాడుకోవాలని మరొకరు. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు వరకూ, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గొడవ ఇంకా తేలలేదు. టీ కొట్టు దగ్గర కాంటూరు మాట ఎత్తితే టీ చల్లారిపోతుంది.

నాకు బాగా నచ్చింది మధ్యాహ్నం చూసిన చేపల చెరువు. మేత వేసే ఆయన చిన్న పడవ మీద వెళ్తూ, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడూ నూనెగింజల చెక్కా నింపి, వెదురు గెడలకు కడుతున్నాడు. సంచి సగం నీళ్లలో మునుగుతుంది. కాసేపటికి అది ఊగడం మొదలుపెట్టింది. కింద శీలావతులు మూతితో పొడుస్తున్నాయన్నమాట. గంటన్నర తర్వాత ఒక సంచి ఎత్తి, చేత్తో పిండి, "మిగిల్చేశాయండి, చలికి తినట్లేదు, రేపు తగ్గిస్తా" అన్నాడు. మీటరూ లేదు, యాప్ లేదు. అదే మేతను నీళ్ల మీద చల్లేస్తే తినంది అడుగుకు చేరి కుళ్లుతుంది, అమ్మోనియా పుడుతుంది, చేప ఊపిరాడక మూతి పైకి పెడుతుంది. సంచి కట్టడం వల్ల డబ్బూ మిగులుతుంది, నీళ్లూ బాగుంటాయి. పైన బొచ్చె, మధ్యలో శీలావతి, అడుగున ఎర్రమోసు, ఎవరి మేత వాళ్లు తింటారని చిన్నప్పుడు పుస్తకంలో చదివాం కదా. ఇప్పుడు చెరువులో ఎక్కువ శీలావతే, తోడుగా కొంచెం బొచ్చె. మార్కెట్ ఏది అడిగితే అది.

మరి నీళ్లు ఎక్కడికి పోతాయని బావ నేర్పిన ప్రశ్న వేశాను. ఆయన చేయి చాపి డ్రెయిన్ చూపించాడు. డ్రెయిన్ కొల్లేట్లోకి, కొల్లేరు ఉప్పుటేరులోకి, ఉప్పుటేరు సముద్రంలోకి. అక్కడ దోనె మీద తిరుగుతూ చేపలు పట్టే మావులు పెట్టుకుని బతికేవాళ్లకు చేరేది ఈ నీళ్లే.

రాత్రి మకాం భీమవరంలో. లాడ్జి గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి, పడుకోవడానికి లోటు లేదు. భోజనానికి వెళ్లిన హోటల్‌తోనే పేచీ. "పులస ఉంది సార్, స్పెషల్" అన్నాడు. జనవరిలో పులసా! గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేదే పులస. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలసే. ఏ ఐసుపెట్టెలోంచి తీశాడో, బిల్లు మాత్రం పులసకే వేసేవాడు. బావ నవ్వి కొర్రమేను చెప్పాడు. చేప పేరు కన్నా ముందు నెల చూసుకోవాలి.

రెండో రాత్రి లాడ్జి ఖాళీ చేసి, బావ పాత స్నేహితుడి వెనామీ రకం రొయ్యల చెరువు గట్టు మీద, కాపలా పాకలో పడుకున్నాం. ఇలాంటి బస డబ్బులిచ్చినా ఎక్కడా దొరకదు. దోమలు, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల హోరు, అందువల్ల నిద్ర అస్సలు ఆశించకండి. లోపలికి రాగానే ఊదారంగు పర్మాంగనేట్ నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచమన్నారు. గట్టు చుట్టూ పీతలు రాకుండా వల, పైన పక్షులు వాలకుండా దారాలు. 90ల్లో తెల్లమచ్చ వైరస్ రోగం వచ్చి టైగర్ రొయ్యను తుడిచిపెట్టాక నేర్చుకున్న జాగ్రత్తలివి. వెనామీకి అనుమతి వచ్చింది 2009లో.

తెల్లవారుజామున నాలుగింటికి కుర్రాడు నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు ముంచి చూశాడు. 3.6, అంటే తక్కువ. వెంటనే పరిగెత్తి ఇంకో రెండు ఏరియేటర్లు వేశాడు. రాత్రంతా నాచూ రొయ్యా కలిసి ఆక్సిజన్ తాగేస్తాయి, ఎండ వచ్చేదాకా తయారయ్యేది ఉండదు. కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి పెట్టుబడి మొత్తం పోతుంది. బావ లేచి కూర్చుని, మాట్లాడకుండా ఆ చప్పుడు వింటూ ఉన్నాడు.

తెల్లారాక మేత వేసిన రెండు గంటలకు, రొయ్యలు తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగారు. ట్రేలో గింజ మిగలలేదు, రొయ్యల వీపు మీద పేగు నల్లటి గీతలా నిండుగా కనిపించింది. యాంటీబయాటిక్ వాడతారా అని అడిగితే యజమాని రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం, ఎగుమతిలో ఆనవాలు తగిలితే సరుకు వెనక్కే. ఈయన రొయ్యలు పట్టేటప్పుడు తోడే నీళ్లను పక్క గుంటలో నిలబెట్టి, మడ్డి దిగాక వదులుతాడు.  ఈయనది చిన్న చెరువే, అయినా చేస్తున్నాడు. పక్క చెరువు పైపు నేరుగా కాలవలోకే ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

మూడో రోజు కాకినాడ. కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడక హాయిగా ఉంటుంది, పెద్దవాళ్లు కూడా నడవగలరు. బోటు మాత్రం ఆటుపోట్లను బట్టి, ముందే కనుక్కుని వెళ్లండి. వేళ్ల సందుల్లో గుప్పెడంత నీళ్లలో చీమల్లా కదులుతున్నవి రొయ్యపిల్లలు. ఈ నర్సరీ పోతే పిల్లల్ని పుట్టించే ఏ హేచరీ కూడా సముద్రానికి సరిపడా పిల్లనివ్వదు.

హార్బర్‌కు తెల్లవారకముందే చేరాలి, అందుకే ఆ రాత్రి కాకినాడలో ఉండి మర్నాడు వెళ్లాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మాత్రం వెళ్లకండి, 61 రోజుల వేట విరామంలో మరబోట్లన్నీ కట్టేసే ఉంటాయి. వల బాగుచేస్తున్న ఒక తాత తన వల కన్నులో రెండు వేళ్లు దూర్చి చూపించి, "ఇదండీ, పిల్ల పోవాలి" అన్నాడు. పక్కనే ఇంకో బోటు నుంచి దించుతున్న వలకు చిటికెన వేలు కూడా పట్టదు. దాన్లోంచి పడిన కుప్పలో వేలెడు పొడవు లేని చేపలు, పీతపిల్లలు, ఏమిటో పోల్చలేనివి. వేలంపాటకు కూడా పెట్టలేదు, పారలతో ఎత్తి లారీలో పోస్తున్నారు.

"ఇదెక్కడికి బావా?"

"మిల్లుకి. ఎండబెట్టి పొడి కొడతారు. నిన్న రొయ్యలకు వేశారే మేత, అందులో ఉండేది ఇదే."

శీలావతి తవుడు తిని పెరుగుతుంది. రొయ్యకు చేపపొడి కావాలి. మూడు రోజులుగా నీళ్లు బయటికి ఎటు పోతున్నాయనే చూస్తున్నాను, లోపలికి వచ్చే బస్తాలో ఏముందని అడగలేదు. ఫొటో తీయబోతే కుర్రాడొకడు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. లారీ కదలబోతుంటే, బావ డ్రైవర్ దగ్గరికెళ్లి మేతబస్తా ఇప్పుడెంత నడుస్తోందని అడుగుతున్నాడు.