పులిపిర్ల మందు కొంటున్నారా? "వేరుతో సహా ఊడొస్తుంది" అని రాసి ఉంటే జాగ్రత్త

"ఏడు రోజుల్లో పులిపిరి వేరుతో సహా ఊడిపోతుంది, మచ్చ కూడా మిగలదు" అని రాసిన చిన్న సీసా ఆన్‌లైన్‌లో కనిపిస్తే, కొనే ముందు వెనకవైపు లేబుల్ ఫొటోను పెద్దది చేసి చూడండి. లోపల ఏ మందు ఉంది, ఎంత శాతం ఉంది? "సహజ మూలికల సారం" అన్న మాట తప్ప ఇంకేమీ కనబడకపోతే అది మనకు అక్కర్లేదు.

ఇలాంటివి కొని చేతులు కాల్చుకున్నవాళ్ల అనుభవాలు దాదాపు ఒకే వరసలో సాగుతాయి. మొదటి రోజు చుక్క వేయగానే చురుక్కుమంటుంది. తెల్లారేసరికి ఆ చోటు బూడిదరంగుకు తిరుగుతుంది. మూడో రోజుకు నల్లటి మందపు చెక్కు కడుతుంది. భయపడి కాగితం తీసి చూస్తే, "కంగారు పడకండి, వేరు పైకి వస్తోంది" అని ఉంటుంది. పది పన్నెండు రోజులకు చెక్కు ఊడుతుంది, కింద గుంట తేలుతుంది. రెండు నెలలయ్యాక చూస్తే గుంట ఉన్నచోట నల్లమచ్చ, దాని చుట్టూ వలయంలా చిన్న చిన్న కొత్త పులిపిర్లు.

అసలు మోసమంతా ఆ "వేరు" అన్న మాటలోనే ఉంది. పులిపిరికి వేరు ఉండదు. హెచ్‌పీవీ అనే వైరస్ కంటికి కనబడని గీతల్లోంచి దూరి చర్మం పైపొరలో స్థిరపడుతుంది. అక్కడి కణాలు అతిగా పెరిగి గరుకు బొడిపె అవుతుంది. అది కింది పొరలోకి దిగదు. గీకినప్పుడు లోపల కనిపించే నల్లచుక్కలను చాలామంది వేళ్లనుకుంటారు. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు, అంతే. కాబట్టి ఏ మందైనా "లోపలి నుంచి పెకలించింది" అంటే పులిపిరిని దాటి కింద ఉన్న మంచి చర్మాన్ని తినేసిందని అర్థం. కింది పొర కాలితే మచ్చ తప్పదు.

ఈ సీసాల్లో, నల్లటి లేపనాల్లో తరచూ ఉండేవి జింక్ క్లోరైడ్, బ్లడ్‌రూట్ అనే మొక్క సారం. రెండూ కణజాలాన్ని చంపేవే. ఏది పులిపిరి, ఏది మంచి చర్మం అన్న తేడా వాటికి తెలియదు. కొన్ని కిట్లలో చిన్న ఆకురాయో సూదో పెట్టి, "ఎర్రబడేదాకా గీకి తర్వాత రాయండి" అంటారు. చర్మం పైన ఉన్న మృతకణాల పొర చాలా రసాయనాలను లోపలికి రానివ్వదు. గీకి దాన్ని తీసేస్తే మంట నేరుగా లోపలికి దిగుతుంది. అదీ ఆ ఆకురాయి పని.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. మెడమీద, చంకల్లో తోకలా వేలాడే మెత్తటి స్కిన్ ట్యాగ్‌లనూ మనం పులిపిర్లనే అంటాం. వేలిమీద గరుకుగా లేచే వైరస్ బొడిపెలనూ పులిపిర్లనే అంటాం. రెంటికీ సంబంధం లేదు. స్కిన్ ట్యాగ్‌లో వైరస్ కోసం వైద్యం చేయాల్సిన పనేమీ లేదు, దానిమీద పులిపిరి మందు వేస్తే మెడమీది పలచటి చర్మం కాలుతుంది. "పులిపిర్లు, పుట్టుమచ్చలు, స్కిన్ ట్యాగ్‌లు అన్నింటికీ ఒకే మందు" అని రాసి ఉంటే ఆ ఒక్క వాక్యం చాలు దాన్ని పక్కన పెట్టడానికి. పుట్టుమచ్చలు, స్కిన్ ట్యాగ్‌లు తీసేయడానికి డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మందు దేన్నీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించలేదు. అలాంటివి అమ్ముతున్నవాళ్లకు 2022లో హెచ్చరిక లేఖలు కూడా పంపింది. పుట్టుమచ్చ విషయంలో ప్రమాదం మచ్చతో పోదు. అది మెలనోమా అనే క్యాన్సర్ అయితే, పైభాగం కాలిపోయి మానినట్టు కనిపిస్తుంది, లోపల పెరుగుతూనే ఉంటుంది. తీసి పరీక్షకు పంపడానికి ముక్క కూడా మిగలదు.

అరికాలి సంగతికొస్తే, ఆనెకాయకూ పులిపిరికీ తేడా తెలియక తప్పు మందు కొనేవాళ్లే ఎక్కువ. వెలుతురులో దగ్గరగా చూడండి. వేలిముద్రల్లాంటి చర్మపు గీతలు ఆనెకాయ మీదుగా సాగిపోతాయి, పులిపిరి దగ్గరకొచ్చి ఆగి పక్కకు తిరుగుతాయి. నేరుగా నొక్కితే ఎక్కువ నొప్పి ఆనెకాయకు, రెండువైపులా పట్టి గిల్లితే ఎక్కువ నొప్పి పులిపిరికి. నల్లచుక్కలు ఆనెకాయలో ఉండవు. అరికాల్లోనో గోరు కిందో నల్లగా వ్యాపిస్తున్నదీ, మానకుండా రక్తం కారుతున్నదీ ఉంటే ఏ మందూ కొనకుండా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మరి కొనదగినదేమిటంటే, సాలిసిలిక్ ఆమ్లం. ద్రావణం రూపంలో అయితే 17 శాతం దాకా, ప్లాస్టర్ రూపంలో అయితే 40 శాతం దాకా. కొన్నింటిలో లాక్టిక్ ఆమ్లం కూడా కలిపి ఉంటుంది. మొటిమల ఫేస్‌వాష్‌లో ఉండే 2 శాతం దీనికి చాలదు. పేరు అదే కదా అని కొనకండి. వాడకంలో ఓపికే సగం మందు. రోజూ రాత్రి ఆ చోటును ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. తెల్లగా ఉబ్బిన పైపొరను ఆకురాయితో మెల్లగా అరగదీయాలి, రక్తం రాకూడదు. ఆ ఆకురాయిని గోళ్లకు వాడకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. పూర్తిగా ఆరాక చుట్టూ పెట్రోలియం జెల్లీ రాసి, మందు పులిపిరి మీద మాత్రమే పడేలా చుక్క వేయాలి. అది ఆరి పలచటి తెల్లటి పొరలా అవుతుంది, దానిమీద టేప్ వేస్తే ఇంకా మంచిది. మర్నాడు ఆ పొర తీసి మళ్లీ మొదటి నుంచి. ఇలా 12 వారాల వరకు. నాలుగో రోజుకే తేడా లేదని రెండు పూటలా నాలుగేసి చుక్కలు వేసేవాళ్లున్నారు. పుండు పడేది అక్కడే. పచ్చిగా, నొప్పిగా అనిపిస్తే రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. చర్మపు గీతలు మళ్లీ మామూలుగా కలిశాయంటే పులిపిరి పోయినట్టు. అంతకుముందే ఆపేస్తే తిరిగొస్తుంది. సీసా మూత వదులుగా ఉండి మందు జిగురులా చిక్కబడితే పారేయండి. ద్రావకం ఆవిరైపోతే లేబుల్ మీది శాతానికీ లోపలి శాతానికీ పొంతన ఉండదు.

గడ్డకట్టించే స్ప్రేల గురించి కూడా ఒక మాట. క్లినిక్‌లో వాడే ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. ఇంట్లో వాడే కిట్లలో ఉండేది డైమిథైల్ ఈథర్, ప్రొపేన్ మిశ్రమం. ప్యాకెట్ మీద మైనస్ 57 అని ఉన్నా, మందపాటి అరికాలి చర్మం కింద అంత చల్లదనం చేరదు. "డాక్టర్ చేసేదే ఇంట్లో" అన్న ప్రకటన నిజం కాదు. పైగా ఆ వాయువులకు ఇట్టే నిప్పంటుకుంటుంది. దగ్గర్లో కొవ్వొత్తి లాంటివి ఉండగా వాడి కాలిన ఘటనలు రావడంతో ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. ప్యాకెట్ మీద చెప్పిన సెకన్లకు మించి పెట్టకండి. వేలి పక్క భాగంలో నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. "ప్లాస్మా పెన్" అని అమ్మే నిప్పుకణాల కలాలైతే అసలే వద్దు. ఎంత లోతు కాలుతుందో చేత్తో అంచనా వేయలేం, చామనఛాయ చర్మం మీద నల్లమచ్చ ఏళ్లతరబడి ఉండిపోవచ్చు.

మధుమేహం ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ లేదా స్పర్శ తగ్గినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు పైన చెప్పిన వాటిలో ఏదీ సొంతంగా వాడకూడదు. ముఖం మీద, జననాంగాల దగ్గర ఎవరూ వాడకూడదు. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో డాక్టర్‌ని అడిగాకే.

రివ్యూలు చూసి నమ్మకండి. పిల్లల్లో దాదాపు సగం మందికి పులిపిర్లు ఏడాదిలో, మూడింట రెండొంతుల మందికి రెండేళ్లలో ఏ మందూ లేకుండానే పోతాయి. ఆ సమయంలో చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. ఐదు నక్షత్రాల రివ్యూల తేదీలు చూడండి. చాలావరకు చెక్కు ఊడిన వారంలోపు రాసినవే, మూడో నెలలో రాసినవి కనబడవు.

ఇప్పటికే అలాంటిది రాసి మండుతుంటే కుళాయి కింద ధారగా 20 నిమిషాలు కడగండి. విరుగుడని నిమ్మరసం, వెనిగర్, సోడా పొయ్యొద్దు. నల్లచెక్కు కట్టి ఉంటే లాగకండి, పెట్రోలియం జెల్లీ రాసి గాజుగుడ్డ కట్టి డాక్టర్‌కి చూపించండి. చీము, జ్వరం, చుట్టూ ఎరుపు పాకడం, కంటి దగ్గర పడటం, వీటిలో ఏదున్నా అదే రోజు వెళ్లాలి. సీసా, పెట్టె, బ్యాచ్ నంబర్ పారేయకుండా వెంట తీసుకెళ్లండి. లోపల ఏముందో తెలిస్తే వైద్యం సులువవుతుంది, మందుల నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయాలన్నా అవే కావాలి. పుండు మానేదాకా ఆ చోట షేవింగ్ చేయకండి, గోళ్లు కొరక్కండి, తువ్వాలు విడిగా పెట్టుకోండి. గీత పడినచోట వైరస్ మళ్లీ నాటుకోవచ్చు. కొత్త బొడిపె బయటపడటానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఆ చుట్టుపక్కల ఆరు నెలలైనా గమనిస్తూ ఉండండి.