మూడు దేశాల్లో గార్డు మార్పిడి: ఎక్కడ ఎంత విలువ

లండన్ వెళ్తున్నామంటే బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డు మార్పిడి చూడమని చెప్పనివాళ్ళుండరు. నన్నడిగితే నేను చూసిన మూడింట్లో దానిది ఆఖరి స్థానం. మొదటి తంటా మనం నిలబడే చోటుతోనే. పదకొండింటి కార్యక్రమానికి చాలా ముందే గేటు ఊచల దగ్గర జనం నిండిపోతారు. ఆలస్యమైతే కనిపించేవి ఎలుగుతోలు టోపీల అంచులు, ముందువాళ్ళు పైకెత్తిన ఫోన్లు. పైగా ఇది రోజూ ఉండదు, వాన గట్టిగా పడితే రద్దు కూడా చేస్తారు. మేం డబ్బు కట్టి ఒక వాకింగ్ టూర్‌లో చేరాం, ఆ డబ్బు దండగ కాలేదు. గైడు మమ్మల్ని గేటు దగ్గరికి తీసుకెళ్ళకుండా బ్యాండు వచ్చే దారి పక్కన నిలబెట్టాడు. ఎర్రకోటు గుండీలు లెక్కపెట్టగలిగేంత దగ్గర! ఎవరిది ఏ సైనిక దళమో ఆ గుండీలే చెబుతాయి: ఒక్కొక్కటిగా ఉంటే గ్రెనేడియర్లు, జంటలుగా ఉంటే కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి అయితే స్కాట్స్, నాలుగేసి ఐరిష్, అయిదేసి వెల్ష్. వేషం కట్టి నిలబెట్టిన వాళ్ళనుకుంటారు గానీ, వీళ్ళు యుద్ధాలకు వెళ్ళే పదాతి సైనికులే.

ఏథెన్స్‌లో సింటగ్మా చౌరస్తా పక్కనే దిగాం. గది ఇరుకు, కిటికీ తెరిస్తే ట్రాఫిక్ హోరు, పొద్దున టిఫిన్ పేరుకే. మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. పార్లమెంటు ముందున్న అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర పహరా రాత్రంతా ఉంటుంది, గంటగంటకూ గార్డులు మారతారు. ఆదివారం పదకొండు గంటలకు బ్యాండుతో పెద్ద కవాతు చేస్తారు, ఆ రోజు తెల్ల కుచ్చిళ్ళ దుస్తులు వేస్తారు. ఆ కుచ్చిళ్ళు 400, గ్రీసు మీద ఒట్టోమన్ తుర్కుల పాలన సాగిన 400 ఏళ్ళకు గుర్తుగా అంటారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ నాకు రాత్రి మార్పిడే నచ్చింది. జనం పలచబడ్డాక మేకులు కొట్టిన బూట్లు రాతి మీద పడే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. గార్డులు కుదురుకున్నాక మామూలు యూనిఫాంలో ఉన్న ఇంకో సైనికుడు వచ్చి, ఒకతని టోపీ కుచ్చు సరిచేసి, నుదుటి చెమట తుడిచాడు. ఆ కుర్రాడు రెప్ప కూడా కదపలేదు.

ఆర్లింగ్టన్ వేరే లోకం. అమెరికా రాజధాని పక్కనున్న సైనిక శ్మశానవాటిక అది, అక్కడా ఒక అజ్ఞాత సైనికుడి సమాధి ఉంది. వాషింగ్టన్ నుంచి మెట్రోలో వెళ్ళొచ్చు, ప్రవేశానికి టికెట్ లేదు, తనిఖీ మాత్రం ఉంటుంది. గేటు నుంచి సమాధి దాకా ఎక్కుడు దారి. పెద్దవాళ్ళు వెంట ఉంటే లోపల తిరిగే ట్రామ్‌కి టికెట్ తీసుకోవడం మేలు.

ఇక్కడ సైనికుడు 21 అడుగులు వేస్తాడు, సమాధి వైపు తిరిగి 21 సెకన్లు ఆగుతాడు, మళ్ళీ తిరిగి 21 సెకన్లు ఆగి వెనక్కి నడుస్తాడు. 21 తుపాకుల వందనానికి అది గుర్తు. తుపాకీ ఎప్పుడూ సమాధికి అవతలి భుజం మీద, అంటే మనవైపు ఉంటుంది. మనం ప్రేక్షకులం కాదు, అతని లెక్కలో సమాధికి ప్రమాదం వస్తే మనవైపు నుంచే రావాలి. పహరాలో ఉన్నవాడి యూనిఫాం మీద ర్యాంకు గుర్తు ఉండదు. లోపలున్న వ్యక్తి ర్యాంకు ఎవరికీ తెలియదు కదా, అతనికంటే పైవాడిగా కనిపించకూడదని. దాని పక్కనే 1984లో ఖననం చేసిన, వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుణ్ణి 1998లో డీఎన్‌ఏ పరీక్షతో గుర్తుపట్టి ఇంటివాళ్ళకు అప్పగించారు. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంచారు.

1937 నుంచి ఇక్కడ రేయింబవళ్ళు కాపలా. సాయంత్రం శ్మశానవాటిక మూసేశాక చూసేవాళ్ళెవరూ ఉండరు, అయినా పహరా నడుస్తూనే ఉంటుంది. లండన్‌ది చివర పెట్టడానికి నా అసలు కారణం ఇదే. అక్కడ సందడంతా చూసేవాళ్ళ చుట్టూ తిరుగుతుంది, ఇక్కడ మనల్ని నిలబడమనీ మాట్లాడొద్దనీ చెబుతారు. ఎవరైనా గట్టిగా నవ్వితే పహరా సైనికుడే ఆగి గద్దిస్తాడు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అరగంటకోసారి గార్డు మారుతుంది, మిగతా నెలల్లో గంటకోసారే. చలికాలం వెళ్ళేవాళ్ళు ఆ లెక్క చూసుకుని కొండెక్కండి.