4 ఓంల టెర్మినల్‌కి మార్చాక: కెఫ్ రిఫరెన్స్ 1, ఒక ట్యూబ్ యాంప్

ట్యూబ్ యాంప్, అంటే పాత వాల్వు రేడియోల్లోలా గాజు ట్యూబులతో నడిచే యాంప్లిఫయర్, వెనకాల స్పీకర్ వైర్లు బిగించే చోట ప్రతి చానెల్‌కీ సాధారణంగా మూడు టెర్మినళ్లు ఉంటాయి: 0, 4, 8. స్పీకర్ మీద 8 ఓంలు అని రాసి ఉంది కదా అని చాలామంది 0కీ 8కీ వైర్లు బిగించేసి, ఇక ఆ వైపు చూడరు. కెఫ్ రిఫరెన్స్ 1 లాంటి స్పీకర్ ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఒకసారి 4 మీద పెట్టి వినండి. కొన్నేళ్లుగా ఈ జోడీతో కాపురం చేస్తున్నవాడిగా నేను గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే.

స్పీకర్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. యూనిక్యూ డ్రైవర్ (మధ్యస్వరాల కోన్ నడుమనే ట్వీటర్ ఉండేది) గొప్పతనం, పైపూత నునుపు, స్టాండ్ల ధర, ఇవన్నీ కొనేవాళ్లకు ముందే తెలుసు. యాంప్ ఒక్కో చానెల్‌కి రెండు ఈఎల్34 ట్యూబులతో 40 వాట్లు ఇచ్చేది. దాని కంపెనీ పేరు రాయడం లేదు, కారణం కింద ఉంది.

నన్ను మొదటి నుంచీ తొలిచింది స్పీకర్ స్పెసిఫికేషన్లలో ఉన్న ఒక చిన్న అంకె. ఇంపీడెన్స్, అంటే కరెంట్‌కి స్పీకర్ చూపే అడ్డు, 8 ఓంలు అని రాసి, పక్కనే కనీసం 3.2 అని ఉంటుంది. అంటే పాటలో కొన్ని స్వరాల దగ్గర ఈ స్పీకర్ 8 ఓంల సరుకు కాదు, యాంప్‌కి అంతకంటే చాలా బరువైనది. సెన్సిటివిటీ, అంటే మీటర్ దూరంలో వచ్చే ధ్వని స్థాయి, 85 డెసిబెల్స్ అన్నది 2.83 వోల్టులు ఇచ్చినప్పటి లెక్క. ఆ వోల్టేజీ 8 ఓంలలో 1 వాట్, అదే 3.2 ఓంలలో 2.5 వాట్లు. యాంప్ డబ్బా మీద ఎన్ని వాట్లు రాశారు అన్నదానికంటే, ఆ కిందికి దిగిన చోట యాంప్ ఎంత కరెంట్ ఇవ్వగలదు, ఎంత స్థిరంగా ఇవ్వగలదు అన్నదే ఇక్కడ అసలు సంగతి.

దాన్ని చెవులతో పట్టుకున్నది నేను కాదు, మా మావయ్య. ఆయన కుర్రతనంలో మృదంగం నేర్చుకున్నారు. ఒక ఆదివారం ఇంటికొస్తే చిట్టిబాబు గారి వీణ కచేరీ రికార్డింగ్ పెట్టాను. వీణకి ఆయన తల ఊపుతూనే ఉన్నారు. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం మొదలైన కాసేపటికి చెయ్యెత్తి ఆపమన్నారు.

"తొప్పికి రవ్వ ఎక్కువ పెట్టినట్టుందేంట్రా?"

కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకి, అదే తొప్పికి, తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు. అది మోతాదు మించితే నాదం కిందికి జారి, బొద్దుగా అయిపోయి, దెబ్బ ఆగినా మోత ఆగదు. నాకూ ఆ బొద్దుతనం తెలుస్తూనే ఉంది. గది వల్ల అనుకుని స్పీకర్లు గోడ నుంచి ముందుకి జరిపాను. రిఫరెన్స్ 1తో పొట్టివీ పొడుగువీ రెండు రకాల పోర్టులు, అంటే బాస్ గాలి బయటికొచ్చే గొట్టాలు, ఇస్తారు, అవీ మార్చి చూశాను. బాస్ పరిమాణం మారింది గానీ ఆ తీరు మారలేదు. మావయ్య మాటతో నాకు గట్టిగా అనిపించింది, ఇది ఎంత బాస్ వస్తోంది అన్న సమస్య కాదు, వచ్చిన బాస్ ఎప్పుడు ఆగుతోంది అన్న సమస్య అని. ఆగడం అంటే యాంప్ పట్టు. ట్యూబ్ యాంప్‌లో పట్టు అంటే వెనకాల ఉన్న ఆ టెర్మినళ్లు.

యాంప్ ఆపేసి, ట్యూబులు చల్లారేదాకా ఆగి, వైర్లు 8 నుంచి 4కి మార్చాను. ఇది చేయాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ట్యూబ్ యాంప్ ఆన్‌లో ఉండగా స్పీకర్ వైర్లు ముట్టుకోవద్దు. స్పీకర్ తగిలించకుండా పాట పెట్టొద్దు. అలా చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు, యాంప్‌లో బాగా ఖరీదైన భాగాల్లో అదొకటి.

అదే రికార్డింగ్ మళ్లీ పెట్టాం. వాల్యూమ్ కాస్త పెంచాల్సి వచ్చింది, ఎందుకంటే 4 టెర్మినల్‌లో సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ తర్వాత తొప్పి మీద ఒక్కో దెబ్బా విడివిడిగా పడింది. దెబ్బ పడింది, ఆగింది. అరచేత్తో మూత మీద ఒత్తి లాగుతూ వాయించే గుంకీ ఇదివరకు ఒక మూలుగులా వినిపించేది, ఇప్పుడు కింది స్థాయి నుంచి పైకి పాకడం తెలుస్తోంది. వీణలో మంద్ర తంతి మీద గమకం లాగినప్పుడు స్వరం వంగిన దారి కనిపిస్తోంది. మావయ్య ఏమీ అనలేదు. మొత్తం తని ఆవర్తనం తొడ మీద తాళం వేసుకుంటూ విన్నారు, అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టమన్నారు. నాకు ఆ రోజు కలిగిన సంతోషం స్పీకర్లు కొన్న రోజు కూడా కలగలేదు. పైసా ఖర్చు లేకుండా, ఒక స్క్రూడ్రైవర్‌తో వచ్చిన తేడా అది.

కారణం ఇదీ. ప్రతి యాంప్‌కీ తనదైన లోపలి ఇంపీడెన్స్ కొంత ఉంటుంది. మంచి ట్రాన్సిస్టర్ యాంప్‌లో అది ఓంలో పదో వంతు కూడా ఉండదు. ట్యూబ్ యాంప్‌లో ఒకటి రెండు ఓంలు ఉండటం మామూలే. 8 టెర్మినల్‌లో అది 2 ఓంలు అనుకుందాం. స్పీకర్ ఒక స్వరం దగ్గర 20 ఓంలకి ఎక్కి, ఇంకో స్వరం దగ్గర 3.2కి దిగిందనుకుందాం. ఆ రెండు చోట్లా స్పీకర్‌కి అందే వోల్టేజీలో దాదాపు 3.4 డెసిబెల్స్ తేడా వస్తుంది. అంటే రికార్డింగ్‌లో లేని హెచ్చుతగ్గులు మన గదిలో పుడతాయి. 4 టెర్మినల్‌కి మారితే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి వల్ల ఆ లోపలి ఇంపీడెన్స్ సగమై 1 ఓం అవుతుంది, తేడా 2 డెసిబెల్స్ లోపుకి వస్తుంది. కోన్ ఆగాల్సిన చోట ఆపే పట్టు కూడా కొంత పెరుగుతుంది. షోరూముల్లో వెయ్యి రకాల కేబుళ్లు చూపిస్తారు గానీ, ఈ ముక్క చెప్పినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

40 వాట్లు చాలతాయా అని అడిగేవాళ్ల కోసం నా లెక్క చెబుతాను. 1 వాట్‌కి 85 అయితే, 40 వాట్లకి ఇంకో 16 కలిసి ఒక మీటర్ దూరంలో 101 డెసిబెల్స్. నేను కూర్చునేది రెండున్నర మీటర్ల దూరంలో. దూరానికి 8 తీసేసి, రెండో స్పీకర్‌కి 3 కలిపితే శిఖరాల దగ్గర 96 దాకా వస్తుంది. ఇది 8 టెర్మినల్ లెక్క, 4లో సుమారు 3 తక్కువ. స్పీకర్ 3.2కి దిగిన చోట ఇంకా కొంత తగ్గుతుంది. గాత్రం, వీణ, వయొలిన్ ఇంట్లో వినే స్థాయికి ఇది ధారాళంగా సరిపోతుంది. మామూలుగా వినేటప్పుడు యాంప్ సగటున ఒక్క వాట్ కూడా దాటదు.

ఇక యాంప్ పేరు రాయకపోవడానికి కారణం. మాది విజయవాడ. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి ఊరంతా చల్లబడింది. వాన వెలిశాక కరెంటు వచ్చింది, కిటికీలు తీసుకుని, లైట్లు ఆర్పి పాట పెట్టుకున్నాను. పది గంటలు దాటాక కుడి స్పీకర్‌లో సన్నగా ఝుమ్మని హమ్ మొదలైంది. యాంప్ వైపు చూస్తే గుండె గుభేల్‌మంది. ఈఎల్34లో ఎప్పుడూ నారింజ రంగులో వెలిగేది లోపలి హీటర్. ఆ రాత్రి ఒక ట్యూబ్‌లో దాని చుట్టూ ఉండే బూడిదరంగు రేకు, అదే ప్లేట్, ఎర్రగా కాలుతోంది. చూస్తుండగానే ఎరుపు ముదురుతోంది. ఉన్నపళంగా ప్లగ్ పీకేశాను. ఫ్యూజ్ మాత్రం పోలేదు. గదిలో వార్నిష్ కాలిన వాసన తెల్లారేదాకా పోలేదు.

మర్నాడు పాత వాల్వు రేడియోలు బాగుచేసే పెద్దాయన్ని పిలిచాను. యాంప్ తిప్పి వెనకాల రాసింది చూసి, "సార్, ఇది 220 వోల్టుల సరుకు. మీ లైన్‌లో రాత్రి ఎంతొస్తోందో ఎప్పుడైనా చూశారా?" అన్నారు. ఆ రాత్రి మళ్లీ వచ్చి మల్టీమీటర్ పెడితే 251. వాన పడి ఊళ్లో ఏసీలన్నీ ఒకేసారి ఆగిపోతే లైన్ మీద లోడు తగ్గి వోల్టేజీ పైకి లేస్తుందట. 220కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 251 ఇస్తే లోపల ప్రతి వోల్టేజీ 14 శాతం పెరుగుతుంది. 6.3 వోల్టులు అందాల్సిన హీటర్‌కి 7.2 దాకా పోతుంది, వేడి 30 శాతం ఎక్కువ. ఈఎల్34 ప్లేట్ తట్టుకోగలిగే హద్దు 25 వాట్లు. తయారీదారు ట్యూబుల్ని ముందే ఆ హద్దుకి దగ్గరగా నడిపిస్తున్నాడు కాబట్టి, వయసైన ట్యూబ్ తట్టుకోలేకపోయింది. పోతూ పోతూ స్క్రీన్ రెసిస్టర్ అనే చిన్న భాగాన్ని మాడ్చేసింది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "మీ లైన్ సమస్య సార్, వారంటీలోకి రాదు" అన్నారు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. మన దేశంలో ప్రమాణం 230 అని అందరికీ తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్‌కి 240 కోసం ఇంకో టాప్ (వైరు కొన) తీయడం పెద్ద ఖర్చు కాదు, చాలా కంపెనీలు ఇస్తున్నాయి. లక్షలు తీసుకునే వస్తువులో అది లేకపోవడం, కనీసం కొనేటప్పుడు ఆ సంగతి చెప్పకపోవడం అన్యాయం. ట్యూబ్ యాంప్ కొనేవాళ్లు ధ్వని సంగతి తర్వాత చూసుకోండి, ముందు వెనకాల ఎన్ని వోల్టులు రాసి ఉందో చదవండి.

మామూలు స్టెబిలైజర్ పెడితే లోపల రిలే టక్కుమన్నప్పుడల్లా వోల్టేజీ ఒక్క గెంతు గెంతుతుంది. పెద్దాయనకి అది నచ్చలేదు. 24 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చుట్టించి, దాని సెకండరీని లైన్‌కి ఎదురు దిశలో సిరీస్‌గా కలిపారు. లైన్ పెరిగినప్పుడు ఆ 24 కూడా 26 దాకా పెరుగుతుంది కాబట్టి 251 వస్తే యాంప్‌కి చేరేది 225. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మోసేది తగ్గించిన ఆ కాస్త వోల్టేజీనే కాబట్టి 50 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) సామర్థ్యం ఉంటే చాలు, డబ్బా కూడా చిన్నదే. అయితే ఎండాకాలం మధ్యాహ్నాలు లైన్ 205కి పడిపోతుంది, అప్పుడు ఇది అడ్డొస్తే ఇంకా దిగజారుతుంది. అందుకని ఒక స్విచ్, పైన ఒక వోల్టు మీటర్ కూడా పెట్టించుకున్నాను. 240 దాటితే స్విచ్ ఆ ట్రాన్స్‌ఫార్మర్ వైపు, లేకపోతే నేరుగా లైన్‌కి. యాంప్ వేసే ముందు మీటర్ చూడటం ఇప్పుడు చేతికి అలవాటైపోయింది. ఆ తర్వాత మళ్లీ ఏ ట్యూబూ ఎర్రబడలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మొదట్లో స్నేహితులందరికీ ట్యూబుల మాధుర్యం అంటూ తెగ చెప్పేవాణ్ణి. 4 మీదకి మారాక ఆ మాధుర్యంలో కొంత భాగం పోయింది. గొంతులకి ఉండే ఆ వెచ్చని ఒంపులో కొంత, 8 టెర్మినల్ స్పీకర్‌తో కలిసి చేసిన హెచ్చుతగ్గుల వల్ల వచ్చిందేనని నా నమ్మకం. నా స్నేహితుడొకాయనకి పాత తీరే ఇష్టం, మా ఇంటికొస్తే 8కి మార్చమంటాడు. ఘంటసాల గారి పాత రికార్డింగులకి అతని మాటలో న్యాయం లేకపోలేదు. సన్నగా, గరుకుగా ఉండే ఆ రికార్డింగులు 8 మీద కాస్త నిండుగా వినిపిస్తాయి. ఎండాకాలంలో యాంప్ వేడికి ఏసీ లేకుండా కూర్చోలేం, ఏసీ వేస్తే తంబూర వెనకాల దాని మోత. బయాస్, అంటే ట్యూబుల్లో ఊరికే పారే కరెంట్ సర్దుబాటు, అప్పుడప్పుడూ చూసుకోవాలి. నాలుగు ట్యూబులూ సరిజోడుగా కొనాలంటే వేలల్లో ఖర్చు.

పాత ట్రాన్సిస్టర్ యాంప్ ఇంకా అమ్మలేదు. 8 ఓంలకి 100 వాట్లు, 4 ఓంలకి 200 ఇచ్చేది. కరెంట్ ఇవ్వడంలో ఈ స్పీకర్‌కి అసలైన జోడీ అదే. మా అబ్బాయి సినిమా పెట్టినప్పుడు, పెద్ద ఆర్కెస్ట్రా వినేటప్పుడు వైర్లు దానికే మారుస్తాం. నగర సంకీర్తన బృందం మొత్తం ఒకేసారి ఎత్తుకున్నప్పుడు ట్యూబ్ యాంప్ నీరసించడం నాకు తెలుస్తుంది, ఈ ట్రాన్సిస్టర్ యాంప్‌కి నీరసమంటే తెలియదు. తొప్పి కూడా దీనిలో ఇంకా బిగువుగానే ఉంటుంది. అయినా వీణ మీటు పడిన క్షణం నుంచి నాదం సన్నబడి పోయేదాకా ఉండే ఆ నిడివి ట్యూబుల్లోనే నాకు పూర్తిగా దక్కుతోంది.

మా గది 14 అడుగులకి 11, వినేది ఎక్కువగా ఒక వాయిద్యం, ఒక గొంతు, రాత్రి పూట, మోస్తరు స్థాయిలో. బాగుచేసే పెద్దాయన ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటారు. ఈ సౌకర్యాలు ఉన్నాయి కాబట్టి నేను ఈ జోడీని ఉంచుకుంటున్నాను. హాలు పెద్దదై, సినిమా పాటలు గట్టిగా వినేవాళ్లయితే, లేదా ఊళ్లో వాల్వుల పని తెలిసినవాళ్లు లేకపోతే, రిఫరెన్స్ 1కి 4 ఓంలలో రెట్టింపు ఇచ్చే ట్రాన్సిస్టర్ యాంప్ చూసుకోండి. ట్యూబ్ యాంప్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఈ ఆదివారం వైర్లు 4కి మార్చి, మీకు బాగా తెలిసిన మృదంగం రికార్డింగ్ ఒకటి పెట్టి చూడండి. నచ్చకపోతే 8 అక్కడే ఉంటుంది.