ఫ్రెష్‌మన్ క్వార్టర్‌బ్యాక్: తొలి మ్యాచ్‌కే దించాలా, ఏడాది ఆపాలా?

హైస్కూల్లో పెద్ద పేరు తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాది విద్యార్థిగా, అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లోకి రాగానే ఈ గొడవ మొదలవుతుంది.

దించితే: ఆట మైదానంలోనే వస్తుంది. 2025లో మిషిగన్ కాలేజీ జట్టు ఫ్రెష్‌మన్ బ్రైస్ అండర్‌వుడ్‌ను మొదటి రోజే దించింది; సొంతగడ్డపై న్యూ మెక్సికో మీద 31 పాస్‌లలో 21 అందాయి, 251 గజాలు, 34-17తో గెలుపు. మరుసటి వారం ఓక్లహోమాలో 24 పాస్‌లకి 9 మాత్రమే, ఓటమి. రిస్క్ ఇదే, 18 ఏళ్ల పిల్లాడి నెత్తిన అంత బరువు చూస్తే నాకు టెన్షనే.

ఆపితే: ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) ఒంటబడుతుంది, దెబ్బల భయం తక్కువ. 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం, నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా రెడ్‌షర్ట్ కింద (అంటే ఆ ఏడాదిని ఆడిన లెక్కలో వేయకుండా) ఆ ఏడాది అర్హత మిగిలేది. టెక్సస్‌లో ఆర్చ్ మానింగ్ ఇలాగే ఆగాడు. కాకపోతే ఓపిక పోతే కుర్రాడు వేరే కాలేజీకి వెళ్లిపోవచ్చు.

క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరస (లైన్) గట్టిగా ఉండి, నమ్మదగ్గ సీనియర్ లేకపోతే దించండి. సీనియర్ ఉంటే, పైగా తొలి మ్యాచ్ బయట పెద్ద జట్టుతో అయితే ఆపండి. నాకు నచ్చింది మాత్రం 2018లో క్లెమ్సన్ చేసిన పని: ఫ్రెష్‌మన్ ట్రెవర్ లారెన్స్‌ను సీనియర్ వెనక కొంచెం కొంచెంగా ఆడించి, ఐదో మ్యాచ్ నుంచి పగ్గాలిచ్చారు, జాతీయ టైటిల్ కొట్టారు.