లినక్స్‌లో డీఎస్ఎల్ఆర్: కాపీకి కార్డు రీడర్ చాలు, కేబుల్ మాత్రం పారేయకండి

ఆరేళ్లకు పైగా ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ల్యాప్‌టాప్‌తో ఒక సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ వాడుతున్నాను. ఫొటోలు కాపీ చేసుకుంటే చాలనుకునేవాళ్లకు ఈ సమీక్ష మొత్తం అక్కర్లేదు. చవకలో ఒక కార్డు రీడర్ కొనుక్కోండి, పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి కాబట్టి మొదట్లో దానికో ప్యాకేజీ విడిగా వేసుకోవాల్సి వచ్చేది. కొత్త కెర్నెళ్లలో (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) ఆ గొడవ లేదు.

కెమెరాను ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ కేబుల్ అసలు ఉపయోగం వేరే. మా ఆవిడ మంగళగిరి చీరలు వాట్సాప్‌లో అమ్ముతుంది. చీర పరిచి, పైన స్టాండుకు కెమెరా బిగించి, ల్యాప్‌టాప్ నుంచే ఫొటో తీయాలి. జరీ అంచు తేలిందా, రంగు మారిందా అన్నది పెద్ద తెర మీద అప్పటికప్పుడే తెలియాలి. ఆ పని చేసిపెట్టేది జీఫోటో2. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే తెరలో, నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్.

మొదటిరోజే 'యూఎస్‌బీ డివైస్‌ను క్లెయిమ్ చేయలేకపోయాం' అని ఎర్రర్. మూడు కేబుళ్లు మార్చాను. తప్పు కేబుల్‌ది కాదు. కెమెరా పెట్టగానే ఉబుంటు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ దాన్ని ముందే పట్టేసుకుంటోంది, ఇక జీఫోటో2కు దొరకదు. ఫైల్ మేనేజర్‌లో కెమెరా గుర్తు మీద రైట్ క్లిక్ చేసి అన్‌మౌంట్ చేస్తే సరిపోయింది. ఇప్పటికీ ప్రతిసారీ అదే చేస్తాను.

రెండో దెబ్బ నా అతి నమ్మకం వల్ల. ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన ఫొటో కార్డులోనూ ఉంటుందనుకుని, ల్యాప్‌టాప్‌లోవి చెరిపేశాను. కార్డు ఖాళీ! నా కెమెరాలో, సెట్టింగ్ మార్చకపోతే, ఫొటో తాత్కాలిక మెమరీలోకే వెళ్తుంది. ఫొటో ఎక్కడ దాచాలో చెప్పే 'క్యాప్చర్ టార్గెట్' సెట్టింగ్‌ను మెమరీ కార్డుకు మార్చినా చాలదు, ఆదేశంలో 'కీప్' కూడా చేర్చాలి. లేదంటే డౌన్‌లోడ్ అవగానే కార్డులోది తీసేస్తుంది. నలభై చీరలు మళ్లీ మడత విప్పి పరిచాం. ఆ సాయంత్రం నాకు టీ దొరకలేదు.

2020 లాక్‌డౌన్‌లో దీన్నే వెబ్‌క్యామ్‌గా కూడా వాడాను. కంపెనీవాళ్ల వెబ్‌క్యామ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కూ మ్యాక్‌కూ మాత్రమే ఉండేది. జీఫోటో2తో లైవ్ వ్యూను (కెమెరా తెర మీద కదిలే దృశ్యం) ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, వీ4ఎల్2లూప్‌బ్యాక్ అనే కెర్నెల్ మాడ్యూల్ ద్వారా ఒక ఉత్తుత్తి వెబ్‌క్యామ్‌లా చూపించాలి. వెనక గోడ మసకబారి ముఖం బాగా వచ్చేది. కానీ లైవ్ వ్యూ రిజల్యూషనే గతి, మైక్ వేరే పెట్టుకోవాలి, బ్యాటరీ మీటింగ్ మధ్యలోనే చేతులెత్తేసేది. బ్యాటరీ చోట పెట్టి కరెంటుకు తగిలించే డమ్మీ బ్యాటరీ కొన్నాక అది తీరింది. అసలు టెన్షన్ కెర్నెల్ అప్‌డేట్‌లతో: ఒక సోమవారం పొద్దున, మీటింగ్‌కు పది నిమిషాల ముందు, మాడ్యూల్ లోడ్ కాలేదు. ఆ తర్వాత మామూలు వెబ్‌క్యామ్ కొనేశాను.

చీరలకు మాత్రం నిన్న కూడా ఇదే పద్ధతి. ఒకటి చెప్పడం మరిచాను: లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో పెట్టండి. డిజైన్ లేని సాదా చీర మీద ఆటోఫోకస్ కుదరదు, ఫొటో పడదు, మళ్లీ కేబుల్‌ను అనుమానిస్తారు.